ఐదు వోల్టులకేనా మేడం?

పదకొండున్నర దాటింది. లైటు తీయమని అత్తయ్య గారు రెండుసార్లు చెప్పారు, ఈయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నాకు మాత్రం ఆ ఐదొందల నోటు నిద్ర పట్టనివ్వడం లేదు. బ్యాగులో, దిద్దాల్సిన స్లిప్ టెస్ట్ కాగితాల మధ్య ఉంది. అసలు తీసుకోకుండా ఉండాల్సింది.

మొన్న రాశాను కదా మా బడికి బోర్డులొచ్చాయని. ఆరు రాస్‌బెర్రీ పై 4 బోర్డులు, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు, నలభై రెండు మంది పిల్లలు, అంటే బోర్డుకి ఏడుగురు. ఆ ఏడుగురిలో ఇద్దరు వైర్లు పెడతారు, ఒకడు మౌస్ పట్టుకుని వదలడు, మిగతా నలుగురూ వెనక నించుని పెళ్లి వీడియో చూసినట్టు చూస్తారు. మానిటర్లు పాత ల్యాబ్‌వి, వీజీఏ పిన్నువి, వాటికి కన్వర్టర్లు నా డబ్బులతో కొన్నాను, బిల్లు ఇంకా పాస్ కాలేదు. అడాప్టర్లు ఐదు వోల్టులు, మూడు ఆంపియర్లవి కావాలని కాగితం మీద రాసిస్తే ఆఫీసువాళ్లు ఎక్కడివో ఫోన్ ఛార్జర్లు తెచ్చి చేతిలో పెట్టారు. కరెంటు చాలనప్పుడల్లా తెర మూల పసుపు రంగు మెరుపు బొమ్మ వస్తుంది, పిల్లలు దానికి పిడుగు అని పేరు పెట్టుకున్నారు. "మేడం, మా దాంట్లో పిడుగు పడింది!" అని ఒకటే అరుపులు. ఇది చాలదన్నట్టు మధ్యలో కరెంటు పోవడం. షట్‌డౌన్ చేయకుండా ఆగిపోతే సాఫ్ట్‌వేర్ అంతా ఉండే ఎస్‌డీ కార్డు ఒక్కోసారి పాడవుతుంది. ఈ నెలలో రెండు కార్డులు మళ్లీ రాసుకున్నాను, ఇంట్లోనే, రాత్రిపూట, ఇదిగో ఈ టేబుల్ మీదే. ఇందుకు నాకు పైసా ఎక్కువ ఇవ్వరు.

ఇవాళ పొద్దున బాగానే మొదలైంది, అదీ చెప్పాలి. మొదటి పీరియడ్‌లో ఒక గుంపువాళ్ల ఎర్ర బల్బు వెలిగి ఆరి, వెలిగి ఆరి, ఒక పిల్ల కెవ్వుమంటే పక్క సెక్షన్ సారు తలుపు తీసి చూశారు.

ఆ తర్వాత మొదలైంది గోల. విజయవాడ సింగ్ నగర్ కుర్రాడి ప్రాజెక్టు నీటి మట్టం కొలిచేది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వాళ్లింట్లోకి వచ్చింది, టీవీ స్టాండు దాకా నీళ్లు. అందుకే కాలవలో నీళ్లు పెరుగుతుంటే ముందే మోగే అలారం చేస్తానన్నాడు. ఐడియా వాడిదే, నేను ఒక్క ముక్క చెప్పలేదు. దానికి అల్ట్రాసోనిక్ సెన్సర్, అదే రెండు గుండ్రటి కళ్లున్న చిన్న బోర్డు, హెచ్‌సీ ఎస్‌ఆర్ 04. మనకు వినపడని శబ్దాన్ని వదులుతుంది, అది నీళ్లకు తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది, ఆ కాలాన్ని సగం చేసి శబ్ద వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. బకెట్లో నీళ్లు పోసి పరీక్ష. రెండు మూడు అంకెలు వచ్చాయి, అందరూ సంతోషపడ్డారు, ఇంతలో తెర నల్లబడింది. తీసి మళ్లీ పెట్టాం, కార్డు మార్చాం, ఛార్జరు మార్చాం. బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతోంది, ఆకుపచ్చ లైటు మాత్రం మినుక్కుమనడం లేదు. ఇంక బోర్డు లేవదని నాకు తెలిసిపోయింది.

వాడి మీద అరిచాను. ఐదు వోల్టుల పిన్ను పక్కపిన్నుకు తగిలించి ఉంటాడని, చూసుకోకుండా గబగబా పెట్టాడని. నలభై ఒక్క మంది ముందు. వాడు "నేను మీరిచ్చిన వైరింగ్ షీటు చూసే పెట్టాను మేడం" అన్నాడు. ఎదురు చెప్తున్నావా అన్నాను. చెప్తున్నాడు, నిజమే, కానీ ఏం చెప్తున్నాడో వినలేదు.

ఈలోగా పైనుంచి కబురు. మిగతా ఐదూ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయాలట, ఇనస్పెక్షన్‌కి తీసి చూపిస్తే చాలట, పోయినదానికి పేరెంట్ దగ్గర ఎంతో కొంత రాబట్టాలట. బీరువాలో పెట్టడానికేనా ఇంత చేసింది? మధ్యాహ్నం నేను తెచ్చుకున్న గోంగూర అన్నం అలాగే ఇంటికి వచ్చింది.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు. ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ చేస్తాడు, చొక్కా జేబులో రెండు వైర్లు కట్టిన టెస్ట్ బల్బు అలాగే ఉంది, పనిలోంచి లేచి వచ్చినట్టున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎన్ని వోల్టులు మేడం అది?"

"ఐదండీ."

"ఐదు వోల్టులకేనా మేడం? మా లారీకి ఇరవై నాలుగుంటాయి, వాటితోనే రోజూ మా పని." కొంచెం నవ్వాడు, వెక్కిరింతగా కాదు. "ఇచ్చే వైరు ఎంత, తీసుకునే పిన్ను ఎంత? అది చూసుకునే కదండీ కలుపుతాం."

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "అది మీ లారీ కాదులెండి, చెప్పినా అర్థం కాదు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, ఐదొందలు టేబుల్ మీద పెట్టి, మిగతాది ఒకటో తారీకున ఇస్తానని వెళ్లిపోయాడు. నేను నోటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

బీరువా అనగానే మా గుంటూరు స్కూలు గుర్తొచ్చింది. 1986, నేను తొమ్మిదో తరగతి. అంతకు రెండేళ్ల ముందు మొదలైన క్లాస్ అనే పథకం కింద దేశంలో కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు, మా బడికీ వచ్చాయి. గది బయట చెప్పులు విప్పాలి. దర్జీతో కుట్టించిన పూలగుడ్డ ముసుగు, టీవీ లాంటి డబ్బా నెత్తిన కుంకుమ బొట్టు. ముసుగు తీయడానికి ఐదు నిమిషాలు, మళ్లీ మడతలు సరిచేసి వేయడానికి ఐదు నిమిషాలు, మధ్యలో మిగిలిందే మా పీరియడ్. స్విచ్చి వేస్తే బూ... బీప్ అని పలికేది, ఆ చప్పుడుకే ఒళ్లు జలదరించేది నాకు. తలా ఒక్క మీట నొక్కాలి, ఎవరి పేరులో మొదటి అక్షరం వాళ్లు. నా వంతు వచ్చేసరికి పైవరసలో ఎర్రటి మీటలు కనిపించాయి. వాటిని చూసుకుంటూ పోయి పోయి కుడిచివర బ్రేక్ అని రాసి ఉన్నది నొక్కేశాను. మాస్టారు పీరియడంతా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టిన ప్రోగ్రాం పోయింది. చెయ్యి చాపమన్నారు, స్కేలు నిలువుగా తిప్పి కొట్టారు. సంవత్సరమంతా నేను కిటికీ దగ్గర నిలబడి చూడడమే, మళ్లీ మీట ముట్టుకోనివ్వలేదు. చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను, బ్రేక్ నొక్కితే ప్రోగ్రాం పోదట. ఓల్డ్ అని ఇంగ్లీషులో మూడక్షరాలు కొట్టి రిటర్న్ నొక్కితే మళ్లీ వచ్చేస్తుందట! ఆ రోజు ఇంటికొచ్చి ఈయనకు చెప్తే "ఇప్పుడెందుకు ఏడుస్తున్నావ్" అన్నారు.

చిత్రమేమిటంటే, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన ఈ రాస్‌బెర్రీ పై బోర్డు తొలి రకాలకు మోడల్ ఎ, మోడల్ బి అని పేర్లు పెట్టింది ఆ బీబీసీ మైక్రో మీద అభిమానంతోనే. రెండూ కేంబ్రిడ్జివే. అప్పట్లో మోడల్ బి ధర 35 డాలర్లు, పిల్లలు కెలికి పాడుచేసినా కొంప మునగకూడదని. వాళ్లకు 35 తక్కువేమో. మా బడిలో ఈ బోర్డు ఖరీదుకు మా ఆయమ్మ జీతంలో చాలా భాగం పోతుంది.

ఇక్కడిదాకా రాసి ఆపేద్దామనుకున్నాను. బీరువా వేయమన్నవాళ్లను తిట్టి పడుకుందామని. కానీ వాళ్ల నాన్న మాట తిరుగుతూనే ఉంది. ఇచ్చే వైరు ఎంత, తీసుకునే పిన్ను ఎంత. లేచి షీటు తీసి చూశాను. సెన్సర్‌కి ఐదు వోల్టులు ఇవ్వాలి, సరే. సెన్సర్ తన జవాబు పంపే ఎకో పిన్ను తిరిగి పంపేది కూడా ఐదు వోల్టులే. రాస్‌బెర్రీ పై బోర్డు పిన్ను తట్టుకునేది మూడు పాయింట్ మూడు. షీటులో నేను ఎకో నుంచి బోర్డుకి నేరుగా ఒక గీత గీశాను. ఎందుకంటే పోయినేడు ఆర్డ్యునో ఉనో అనే వేరే బోర్డుతో చేయించినప్పటి బొమ్మే అది. ఉనో ఐదు వోల్టులది, దానికి నేరుగా పెట్టినా పర్లేదు. బోర్డు పేరు మార్చాను, బొమ్మ మార్చలేదు.

మధ్యలో రెండు రెసిస్టర్లు ఉండాలి, ఒకటి వెయ్యి ఓములు, ఒకటి రెండు వేలు. ఐదులో మూడింట రెండొంతులు, లెక్క సరిపోతుంది. శ్రేణి సంధానం! పదో తరగతికి ఏటా చెప్తాను, నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ.

అయితే ఇంకో రెండు గుంపులు కూడా అదే షీటుతో అదే సెన్సర్ పెట్టారు, వాళ్లవి బాగానే ఉన్నాయి. నేరుగా పెట్టినా ఒక్కోసారి తట్టుకుంటుంది. కాబట్టి వాడే నిజంగా పిన్ను తగిలించాడేమో కూడా. తగిలించలేదేమో. కాలిపోయిన బోర్డు చూస్తే ఇప్పుడేం తెలుస్తుంది? ఈ అనుమానం నాకు కాస్త ఊరటగా ఉన్నమాట నిజం, అందుకే దాని మీద నాకు నమ్మకం లేదు.

రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం. సోమవారం ప్రేయర్‌కి ముందే వాణ్ని పిలవాలి, తర్వాత క్లాసు ముందు కూడా చెప్పాలి, అరిచింది క్లాసు ముందే కదా. పైవాళ్లకు చెబితే కన్వర్టర్ల బిల్లు దీనికింద చెల్లేసుకుంటారు, చూస్తూ ఉండండి. వాళ్ల నాన్నకు మాత్రం నేనే వెళ్లి ఇవ్వాలి, నోటు మీద వేలిముద్రంత గ్రీజు మరక ఉంది, మార్చకుండా ఇదే ఇవ్వాలి. ఆటోనగర్‌లో ఆ షాపు ఎక్కడో తెలియదు. వాణ్నే అడగాలి.