ఫారెస్ట్ సర్వీసు ప్రిపరేషన్: అంతర్జాతీయ అటవీ సహకారాన్ని నేను చదివిన పద్ధతి

ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు మెయిన్స్‌కు ఫారెస్ట్రీ ఆప్షనల్‌తో తయారవుతున్న మిత్రులకు, ముఖ్యంగా మన గోదావరి జిల్లాల్లో ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్నవారికి, ఒక అంశం గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. వివిధ దేశాల ప్రభుత్వ అటవీ శాఖల అధిపతులు అటవీ పాలన విషయంలో ఒకరికొకరు ఎలా సహకరించుకుంటారు, ఆ సహకారం ఎంత దూరం నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఆ అంశం. సిలబస్‌లో దీనికి విడిగా శీర్షిక కనిపించదు. అటవీ విధానం, చట్టాలు, పర్యావరణ పరిరక్షణ, ఉమ్మడి అటవీ యాజమాన్యం, జనరల్ నాలెడ్జ్ పేపరు, ఇలా అన్నిచోట్లా కొద్దికొద్దిగా పరచుకొని ఉంటుంది. అందుకే ఎక్కువమంది దీన్ని సంస్థల పేర్లు, అవి ఏర్పడిన సంవత్సరాలు ఉన్న పట్టికగా బట్టీపట్టి ముందుకు వెళ్లిపోతారు. పట్టిక ప్రిలిమ్స్‌కు పనికొస్తుంది. మెయిన్స్‌లోనూ ఇంటర్వ్యూలోనూ నాకు అక్కరకొచ్చినది మాత్రం ప్రతి వేదిక దగ్గరా వేసుకున్న మూడు ప్రశ్నలు: అక్కడ కూర్చునేది ఎవరు, వారి మాటకు కట్టుబాటు ఎంత, ఆ మాట చివరికి ఏ అడవిలో ఏ పనిగా మారుతుంది.

ముందుగా అడవి ఎవరి చేతిలో ఉందో తెలియాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020లో వెలువరించిన ప్రపంచ అటవీ వనరుల అంచనా ప్రకారం ప్రపంచంలోని అడవుల్లో 73 శాతం ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్నాయి. 2025 అంచనా మొత్తం అటవీ విస్తీర్ణాన్ని దాదాపు 414 కోట్ల హెక్టార్లుగా చెబుతోంది. అందులో సగానికి పైగా రష్యా, బ్రెజిల్, కెనడా, అమెరికా, చైనా అనే అయిదు దేశాల్లోనే ఉంది. ఈ సంఖ్యలను విడివిడిగా గుర్తుపెట్టుకోవడం కన్నా వాటిని కలిపి చూడటం మేలు. ఇంత అడవి ప్రభుత్వాలదే అయినప్పుడు, కొద్దిమంది అటవీ శాఖాధిపతులు ఒక గదిలో కూర్చుంటే ప్రపంచంలోని అడవిలో చాలా భాగం గురించి మాట్లాడగలిగినవారు అక్కడ ఉన్నట్టే. ఈ ఒక్క వాక్యంతో జవాబు మొదలుపెడితే తరువాత రాసే ప్రతి విషయానికీ ఒక ఆధారం దొరుకుతుంది.

అయితే మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది. విదేశీ వేదికల మీద మాట్లాడేది కేంద్ర మంత్రిత్వ శాఖలోని అటవీ డైరెక్టర్ జనరల్ స్థాయి అధికారులు. అడవిని రోజువారీగా నడిపేది మాత్రం రాష్ట్రాల ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి కింద పనిచేసే రేంజి, సెక్షను, బీటు సిబ్బంది. కెనడాలో కూడా అడవుల్లో ఎక్కువ భాగం అక్కడి ప్రావిన్సుల అధీనంలోనే ఉంటుంది. రోములోనో న్యూయార్కులోనో జరిగే అంతర్జాతీయ సమావేశాల్లో ఒప్పుకున్న మాట, అటవీ శాఖలో అతి చిన్న విభాగమైన బీటు దాకా చేరాలంటే ఎన్ని మెట్లు దిగాలో ఆలోచించినవారికి, ఇలాంటి ఒప్పందాల అమలు ఎందుకు మందగిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

చరిత్ర భాగాన్ని నేను 1992 రియో సదస్సు నుంచి చదివాను. వాతావరణానికి, జీవవైవిధ్యానికి అక్కడ ఒప్పందాలు సిద్ధమయ్యాయి గాని, అడవులకు కట్టుబడి తీరవలసిన ఒప్పందం కుదరలేదు. అభివృద్ధి చెందిన దేశాలు అటువంటి ఒప్పందాన్ని కోరాయి. మలేషియా, భారత్ వంటి వర్ధమాన దేశాలు తమ అడవుల మీద తమ సార్వభౌమాధికారానికి అది భంగమని భావించాయి. ఫలితంగా చట్టబద్ధత లేని అటవీ సూత్రాలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ చర్చ తెగకుండా సాగి 2000లో ఐక్యరాజ్యసమితి అటవీ వేదికగా స్థిరపడింది. 2007లో ఆమోదించిన అటవీ పత్రం కూడా స్వచ్ఛందమే. 2017 నుంచి 2030 వరకు రూపొందించిన వ్యూహాత్మక ప్రణాళికలో 6 లక్ష్యాలు, 26 ఉపలక్ష్యాలు ఉన్నాయి. ప్రపంచ అటవీ విస్తీర్ణాన్ని 2030 నాటికి 3 శాతం పెంచాలన్నది వాటిలో అందరికీ తెలిసినది. ఈ క్రమాన్ని తేదీల వరుసగా కాక, సార్వభౌమాధికారానికీ ఉమ్మడి బాధ్యతకూ మధ్య ఇప్పటికీ తెగని వాదంగా చదివితే ఏ ప్రశ్న వచ్చినా తడబాటు ఉండదు.

కట్టుబాటు లేనప్పుడు సహకారం దేని మీద నిలబడుతుంది అన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువ కాలం ఆగాను. నా దృష్టిలో ఈ పాఠంలోని అసలు సారం ఇక్కడే ఉంది. ఆహార, వ్యవసాయ సంస్థ అటవీ కమిటీ రెండేళ్లకోసారి రోములో సమావేశమవుతుంది. వివిధ దేశాల అటవీ శాఖాధిపతులు, సీనియర్ అధికారులు అధికారికంగా కలిసే పెద్ద వేదిక అది. మన ప్రాంతానికి ఆసియా పసిఫిక్ అటవీ కమిషన్ ఉంది. సమశీతోష్ణ అడవులు, బోరియల్ (ఉత్తరాది అతిశీతల ప్రాంతపు) అడవులు ఉన్న 12 దేశాలు 1994లో మొదలైన మాంట్రియల్ ప్రక్రియ ద్వారా, తమ అడవులు సుస్థిరంగా నడుస్తున్నాయో లేదో కొలిచే ఉమ్మడి ప్రమాణాలను తయారు చేసుకున్నాయి. వీటన్నిటికీ భిన్నమైనది 2005లో మొదలైన మెగాఫ్లోరెస్టైస్ బృందం. బ్రెజిల్, చైనా, ఇండోనేషియా, మెక్సికో, అమెరికా వంటి పెద్ద అటవీ దేశాల ప్రభుత్వ అటవీ సంస్థల నాయకులు ఇందులో అనధికారికంగా కలుస్తారు. అడవుల్లోని ప్రజల భూమి, వనరుల హక్కుల కోసం పనిచేసే రైట్స్ అండ్ రిసోర్సెస్ ఇనీషియేటివ్ అనే కూటమి దీని నిర్వహణకు తోడ్పడుతుంది.

అధికారిక సమావేశంలో ఒక దేశ ప్రతినిధి తన ప్రభుత్వం ఆమోదించిన ప్రకటననే చదవాలి. తన శాఖలో ఏది విఫలమైందో అక్కడ చెప్పుకోలేడు. అనధికారిక బృందంలో ఒక శాఖాధిపతి తన వంటి మరో శాఖాధిపతిని నేరుగా అడగగలుగుతాడు. అడవిలో ఉన్న ప్రజలకు హక్కులిచ్చాక మీ సిబ్బంది పాత్ర ఎలా మారింది, కలప ఆదాయం మీద బతికిన శాఖను ప్రజలకు సేవలందించే శాఖగా ఎలా మలిచారు, అక్రమ కలపను ఎలా పట్టుకుంటున్నారు వంటి ప్రశ్నలు అటువంటి చోట్లే నిజాయితీగా చర్చకు వస్తాయి. అడవిపై అనుభవ, యాజమాన్య హక్కులు, శాఖల అంతర్గత సంస్కరణ ఈ బృందం చర్చల్లో ముఖ్యమైనవి కావడానికి కారణం అదే. ఇక్కడ మన అనుభవాన్ని జత చేయండి: 1988 జాతీయ అటవీ విధానం, ఉమ్మడి అటవీ యాజమాన్యానికి దారి తీసిన 1990 జూన్ 1 నాటి కేంద్ర ఉత్తర్వు, గ్రామస్థులు అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే మన రాష్ట్రంలోని వన సంరక్షణ సమితులు, 2006 అటవీ హక్కుల చట్టం. మెక్సికోలో అడవుల్లో ఎక్కువ భాగం ఎహీదోల (భూమిని ఉమ్మడిగా కలిగిన గ్రామ సంఘాల), స్థానిక సముదాయాల చేతిలో ఉంది కాబట్టి ఆ దేశ అనుభవం మన సమితుల గురించిన ప్రశ్నకు చక్కని పోలిక అవుతుంది. మనకన్నా వారు సముదాయానికి ఎక్కువ అధికారం ఇచ్చారన్న విషయాన్ని దాచకుండా రాయడమే మంచిదని నా అభిప్రాయం.

వాణిజ్యం వైపు కట్టుబాటు కాస్త గట్టిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఒక దేశం చట్టం మరో దేశం సరుకును ఆపగలదు. అమెరికా తన లేసీ చట్టాన్ని 2008లో సవరించి అక్రమంగా నరికిన కలప దిగుమతిని నేరంగా చేసింది. ఐరోపా సమాఖ్య అక్రమ కలపను అడ్డుకునే 2003 కార్యాచరణ ప్రణాళిక కింద ఎగుమతి దేశాలతో ఒప్పందాలు చేసుకుంది, వాటి ప్రకారం కలప చట్టబద్ధమైనదని తెలిపే లైసెన్సులు జారీ చేయడం ఇండోనేషియా 2016లో ప్రారంభించింది. మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఎర్రచందనం. శేషాచలం కొండల్లో నరికిన దుంగకు గిరాకీ విదేశాల్లో ఉన్నంతకాలం ఒక్క మన శాఖ నిఘాతో పని కాదు. అంతరించే ప్రమాదమున్న జాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఎర్రచందనం ఉంది. సహకారం లేకపోతే ఏమవుతుందో చూపడానికి ఆంధ్ర అభ్యర్థికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ అవసరం లేదు.

ఇక మూడో ప్రశ్న, ఒప్పుకున్న మాట ఏ అడవిలో పనిగా మారుతుందన్నది. దీని జవాబు డెల్టావాసులమైన మనకు గుమ్మం ముందే ఉంది. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట మడ అడవులు, బావురుపిల్లులు ఉన్న ప్రాంతమిది. ప్రపంచ పర్యావరణ నిధి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, భారత ప్రభుత్వం కలిసి గోదావరి నదీముఖ పర్యావరణ వ్యవస్థ కోసం ఇక్కడ ఒక పథకాన్ని నడిపాయి. అటవీ శాఖ, మత్స్య శాఖ, ఓడరేవు, పరిశ్రమలు ఒకే వేదిక మీద మాట్లాడుకునేందుకు ఈగ్రీ ఫౌండేషన్ ఏర్పడింది. అంతర్జాతీయ సహకారం అన్న మాటకు మన జిల్లాలో కనిపించే రూపం ఇదే. జవాబులో దీన్ని రెండు వాక్యాల్లో రాయగలిగితే పేజీ నిండా సంస్థల పేర్లు రాసినదానికన్నా ఎక్కువ విలువ ఉంటుంది.

మడ అడవుల పునరుద్ధరణను మాత్రం పుస్తకంలో చదివి వదిలేయకండి, కోరింగ దగ్గరి చొల్లంగి వైపు వెళ్లి చూడండి. ఫారెస్ట్రీ మొదటి పేపరు సిలబస్‌లో క్షీణించిన మడ అడవుల పునరుద్ధరణ నేరుగా ఉంది. చెట్లు నరికిన చోట నేల క్రమంగా కుంగి పళ్లెంలా తయారవుతుంది. పోటు సమయంలో లోపలికి వచ్చిన నీరు పాటు సమయంలో తిరిగి వెళ్లక నిలిచి, ఎండకు ఆవిరై, నేలలో ఉప్పు పేరుకుపోతుంది. ఆ చవుటిలో తెల్లమడ మొక్క కూడా తట్టుకోలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, స్థానిక గ్రామాలవారు కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో అనుసరించిన పద్ధతి చేప ముల్లు ఆకారపు కాలువలు. ఏటి పాయ నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దాని రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తీస్తారు. రోజూ పోటు నీరు లోపలికి వచ్చి, పాటు సమయంలో ఉప్పును కడుక్కుపోతుంది. కాలువ ఒడ్డున మొక్కలు నాటుతారు. ఈ బొమ్మ గీయడానికి పరీక్షలో ఒక్క నిమిషం చాలు. 1996 నవంబరు తుపానులో సముద్రం పక్కన ఉన్న ఊళ్లు ఏమయ్యాయో చెప్పే పెద్దలు కోనసీమలో ఇంకా ఉన్నారు. మడ అడవి అంటే ఏమిటో వారి మాటల్లో విన్నాకే నాకు ఈ పాఠం మీద ఇష్టం కలిగింది.

భారత అటవీ పరిస్థితి నివేదిక 2021 ప్రకారం దేశంలో మడ అడవులు 4,992 చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రంలో 405. 2022లో షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో యూఏఈ, ఇండోనేషియా ప్రారంభించిన మడ అడవుల కూటమిలో భారత్ చేరింది. 2023లో మన ప్రభుత్వం మడ అడవులు పెంచే మిష్టి పథకాన్ని తెచ్చింది. ఈ మూడింటినీ కోరింగతో కలిపి ఒకే పేజీలో రాసుకుంటే చాలు.

విమర్శనాత్మకంగా రాయమన్న ప్రశ్నకు 2021 గ్లాస్గో ప్రకటన బాగా పనికొస్తుంది. 2030 నాటికి అటవీ నష్టాన్ని ఆపి వెనక్కి మళ్లిస్తామని 140కి పైగా దేశాలు సంతకం చేశాయి, భారత్ చేయలేదు. అడవుల అంశాన్ని వాణిజ్యంతో ముడిపెట్టడంపై మన దేశానికి అభ్యంతరం ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇంటర్వ్యూలో దీనిపై ప్రశ్న వస్తే ప్రభుత్వాన్ని గుడ్డిగా సమర్థించవద్దు, నిందించనూ వద్దు. రియో నాటి సార్వభౌమాధికార వాదం నుంచి మొదలుపెట్టి, క్షీణించిన భూములను, అడవులను తిరిగి పెంచేందుకు దేశాలు స్వచ్ఛందంగా చేరే బాన్ సవాలు కింద మనం ఒప్పుకున్న 2.1 కోట్ల హెక్టార్ల పునరుద్ధరణ, 2019లో దాన్ని 2.6 కోట్ల హెక్టార్లకు పెంచడం గుర్తుచేసి, ఆ లక్ష్యాల పురోగతిని ఎవరు, ఎలా సరిచూస్తున్నారన్న ప్రశ్నను మీరే లేవనెత్తండి. ఆ ప్రశ్నకు కచ్చితమైన జవాబు మన దగ్గర ఉండితీరాలని నేను నమ్ముతాను, ఎందుకంటే రేపు ఆ లెక్కలు పంపవలసినది మనలో ఎవరైనా కావచ్చు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఒక సూచన. ఈ పరీక్ష పేపర్లన్నీ ఇంగ్లిషులోనే రాయాలి. అయినా విషయాన్ని ముందు తెలుగులో ఇంట్లోవారికి చెప్పగలిగేంతగా అర్థం చేసుకొని, ఆ తరువాతే ఇంగ్లిషులో నోట్సు రాసుకోండి. మా ఊళ్లో రొయ్యల చెరువు ఉన్న బాబాయికి ఐరోపా కలప నిబంధనను వివరించినప్పుడు, రొయ్యల ఎగుమతికి యాంటీబయాటిక్ పరీక్షలు అడిగినట్టేనా అని ఆయన అడిగారు. కొనుగోలుదారు దేశం నిబంధన ఉత్పత్తిదారు పద్ధతిని ఎలా మారుస్తుందో రాయడానికి ఆ పోలిక నాకు జవాబులో నేరుగా ఉపయోగపడింది.

చివరి వారాల్లో కొత్త సంస్థల పేర్లు చేర్చుకోకుండా అటవీ వేదిక తాజా సమావేశ నిర్ణయాలు, అటవీ కమిటీ నివేదికలో మన ప్రాంతానికి సంబంధించిన భాగం మాత్రం చదవండి. 2023 అక్టోబరులో డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో భారత్ ఆతిథ్యమిచ్చిన అటవీ వేదిక సమావేశం కార్చిచ్చు, అటవీ ధ్రువీకరణ అనే రెండు అంశాలను చర్చకు తీసుకుంది. ఆ రెండింటి మీద చెరొక జవాబు ఇప్పుడే రాసి, పక్కన ఉన్న మిత్రుడి చేత దిద్దించుకోండి.