మెక్సికో ఆఫీసులో పలకరింపు: స్పానిష్‌ని తెలుగు లిపిలో రాసుకోండి

మెక్సికోలోని గ్వాదలహారాకో, మోంతెర్రేయ్‌కో ప్రాజెక్టు మీద వెళ్ళే మనవాళ్ళు స్పానిష్ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషు వల్ల అలవాటైన ట, డలు స్పానిష్‌లో లేవు, ఉన్నవి మన త, దలే. క, పలకూ ఒత్తు పెట్టరు. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. తెలుగు లిపిలో రాసుకుంటే సగం ఉచ్చారణ దానంతటదే వస్తుంది.

పొద్దున ‘బ్వేనోస్ దియాస్’, పన్నెండు దాటితే ‘బ్వేనాస్ తార్దెస్’, చీకటి పడ్డాక ‘బ్వేనాస్ నోచెస్’. చివరిది వీడ్కోలుకే అనుకోవద్దు, రాత్రి ఎదురైనవాళ్ళని పలకరించేదీ దానితోనే. ‘ఓలా’ తోటివాళ్ళకి సరిపోతుంది. సెక్యూరిటీ గార్డుకీ, క్లయింటుకీ పూట పలకరింపే మర్యాద. లిఫ్టులో ఎక్కినప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళకైనా ఆ మాట అనాలి. ఫోన్ చూసుకుంటూ నిలబడితే పొగరనుకుంటారు. క్యాంటీన్‌లో తింటున్నవాళ్ళ పక్కనుంచి వెళ్తే ‘ప్రొబేచో’, అంటే హాయిగా తినండని. వాట్సాప్‌లో కూడా ముందు పలకరించి తర్వాతే ఫైలు అడగాలి.

నువ్వు, మీరు తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు: ‘తు’, ‘ఉస్తెద్’. ‘కోమో ఎస్తా?’ అంటే మీరు ఎలా ఉన్నారని, చివర స చేర్చి ‘కోమో ఎస్తాస్?’ అంటే ఎలా ఉన్నావని. ఈడువాళ్ళు తొందరగానే ‘తు’లోకి దిగుతారు, పెద్దవాళ్ళ దగ్గర మాత్రం వాళ్ళు చెప్పేదాకా ఆగండి. వినపడకపోతే ‘కే?’ అనకండి, మెక్సికోలో మర్యాద మాట ‘మాందె?’.

పరిచయానికి ‘సోయ్ హరీశ్’ చాలు, ‘మె యామో హరీశ్’ అన్నా సరే. ‘నేను’ విడిగా అక్కర్లేదు, ‘హైదరాబాద్ నుంచి వచ్చాను’లో లాగే అది క్రియలోనే ఉంది. తర్వాత ‘సోయ్ దె లా ఇందియా’. ‘ఇందియో’ అనొద్దు, అక్కడ అది మూలవాసుల్ని కించపరచడానికి వాడే మాట. మిమ్మల్ని ‘ఇందూ’ అంటే మాత్రం అడుగుతున్నది మతం కాదు, దేశం. ఉద్యోగం చెప్పాలంటే మగవాళ్ళు ‘సోయ్ ఇన్‌హెన్యేరో’, ఆడవాళ్ళు ‘ఇన్‌హెన్యేరా’. ‘కలిసినందుకు సంతోషం’ అనడానికి ‘మూచో గుస్తో’ పట్టుకోండి, అది ఆడామగా తేడాతో మారదు. జవాబు ‘ఇగ్వాల్‌మెంతె’, అంటే నాకూ అంతేనని. మగవాళ్ళ మధ్య కరచాలనం. ఆడవాళ్ళు బుగ్గకి బుగ్గ ఆనిస్తే కంగారు పడకండి, కుడి బుగ్గ, ఒక్కసారే. చొరవ వాళ్ళకే వదిలేయడం మేలు.

వయసు దగ్గర నాలుక జారకూడదు. ‘తెంగో బెయింతియోచో ఆన్యోస్’ అంటే 28 ఏళ్ళు. అందులో ‘న్య’ని ‘న’ చేశారా, ఏళ్ళ బదులు మలద్వారాల లెక్క చెప్పినట్టవుతుంది!

అన్నిటికన్నా తలనొప్పి పేరు. ఇంగ్లీషు హెచ్ అక్షరాన్ని వాళ్ళు పలకరు, జె కనిపిస్తే హ అంటారు, వి కనిపిస్తే బ. కాగితం మీద చూసి చదివితే హరీశ్ అరీశ్ అవుతాడు, జగదీశ్ హగదీశ్, వెంకట్ బెంకత్. శ్రీనివాస్‌కి ముందు ఒక ఎ వచ్చి చేరుతుంది. అందుకే అక్షరాల పేర్లు నేర్చుకోవాలి: హెచ్ ‘ఆచె’, జె ‘హోతా’, వి ‘ఊబె’. ‘కోమో సె ఎస్క్రీబె?’ (ఎలా రాస్తారు?) అని అడిగితే హరీశ్ చెప్పాల్సింది: ఆచె, ఆ, ఎర్రె, ఇ, ఎసె, ఆచె.

ఫారాల్లో మూడు గళ్ళుంటాయి: పేరు, తండ్రివైపు ఇంటిపేరు, తల్లివైపు ఇంటిపేరు. సాయి కిరణ్ కొల్లి అని చెప్తే కౌంటర్లో కిరణ్‌ని తండ్రివైపు గడిలో, కొల్లిని తల్లివైపు గడిలో వేసే ప్రమాదం ఉంది. ముందే ‘తెంగో ఉన్ సోలో అపెయీదో’ అనండి, నాకు ఒకటే ఇంటిపేరని. పేరు గడిలో సాయి కిరణ్, మొదటి ఇంటిపేరు కొల్లి, రెండోది ఖాళీ. నివాస కార్డు మీద వచ్చే కుర్ప్ నంబరులో (అక్షరాలూ అంకెలూ కలిపి 18 ఉండే మెక్సికో ప్రభుత్వ గుర్తింపు సంఖ్య) మొదటి అక్షరాలు ఈ గళ్ళ నుంచే వస్తాయి. రెండో ఇంటిపేరు లేనివాళ్ళకి ఆ చోట ఎక్స్ పడుతుంది, అది తప్పు కాదు. అక్కడ కొల్లిలోని కె పడిందంటే మాత్రం కౌంటర్ దాటకముందే చెప్పాలి. లేకపోతే బ్యాంకులో, జీతాల విభాగంలో పాస్‌పోర్టుకీ కార్డుకీ పొంతన కుదరదు.