మెట్ల మీద 20 సెకన్లు

కాలేజీలో పాఠాలు, ఇంటి పని పోగా, విశాఖ బీచ్ రోడ్డులో గంటసేపు నడిచే తీరిక నాకెన్నడూ చిక్కలేదు. అందుకే కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్టిన్ గిబాలా పరిశోధనల గురించి చదివినప్పుడు ఆశ పుట్టింది. 2016లో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 3 రోజులు 20 సెకన్ల చొప్పున మూడు విడతలు శక్తికొద్దీ సైకిల్ తొక్కినవారికీ, 45 నిమిషాలు ఓ మోస్తరుగా తొక్కినవారికీ, 12 వారాలలో శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం ఒకే తీరున, 19 శాతం దాకా పెరిగింది. మరుసటి ఏడాది వ్యాయామం అలవాటులేని స్త్రీల చేత 6 వారాలు మెట్లెక్కించి చూస్తే 12 శాతం పెరుగుదల కనిపించింది. నాకు సైకిల్ లేదు కానీ, ఎంవీపీ కాలనీలో మేముండే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు మెట్లున్నాయి.

డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి సరేనన్నాకే మొదలుపెట్టాను. నలభై దాటినవారు ఈ మొదటి మెట్టు మాత్రం దాటవేయకూడదు.

తొలి వారమంతా వృథా అయింది. మూడో విడతకు శక్తి మిగలదేమోనన్న భయంతో ఊపిరి దాచుకుంటూ 20 సెకన్లకు 38 మెట్లే ఎక్కి, పైకి చేరగానే ఫోనెత్తి అక్కతో మాట్లాడాను. అలా తడుముకోకుండా మాట్లాడగలిగితే అది తీవ్ర వ్యాయామం కానే కాదు. రెండో వారం పంతం కొద్దీ పరుగెత్తాను గానీ, మే నెల ఉక్కలో చెమట ఆరక ఒళ్లు వేడెక్కిపోయి ఉండగా, రెండో విడత కాగానే గోడకానుకుని కదలకుండా నిలబడిపోయాను. కళ్లు బైర్లు కమ్మాయి. కాళ్ల కండరాలు ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కిందనే నిలిచి, గుండెకు తిరిగిరావడం తగ్గుతుంది. గిబాలా పద్ధతిలో విడతల మధ్య రెండేసి నిమిషాలు నెమ్మదిగా కదులుతూనే ఉండమనడం ఎందుకో ఆ రోజే అర్థమైంది. "ఏటమ్మా, లిఫ్టు పాడైపోనాదా?" అంటూ వాచ్‌మన్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆపై తెల్లవారుజామునే ఎక్కడం మొదలుపెట్టాను. ముందు రెండు నిమిషాలు, చివర మూడు నిమిషాలు నడక. అంతా కలిపి పది నిమిషాలు. ఆరో వారానికి 20 సెకన్లలో 47 మెట్లు ఎక్కగలిగాను. ముఖానికి మాస్కు తగిలించి కొలిస్తే తప్ప ఆక్సిజన్ లెక్క తేలదు కనుక, నా విషయంలో శాతాలు చెప్పను. కాలేజీలో మూడో అంతస్తు క్లాసుకు చేరగానే, ఇదివరకటిలా బల్ల పట్టుకుని నిలబడకుండా హాజరు పిలుస్తున్నాను.