ఆ 17 శాతం ఎక్కడిది? – నా 350జెడ్ ఫ్యూయల్ ట్రిమ్ అనుభవం

నిన్న సాయంత్రం టెక్సాస్‌లోని ప్లేనోలో, కారు కాలుష్యాన్ని తనిఖీ చేసే ఎమిషన్ పరీక్ష పాసైన కాగితం చేతికి వచ్చింది. దానికి మూడు నెలలు పట్టింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

కారు 2006 నిస్సాన్ 350జెడ్. 3.5 లీటర్ల వి6, ఆరు గేర్ల మాన్యువల్. కొన్న మూడో వారంలోనే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. పి0171, పి0174 కోడ్లు రెండూ వచ్చాయి. అంటే రెండు బ్యాంకుల్లోనూ (వి6లో మూడేసి సిలిండర్ల వరుసలు) గాలికి తగినంత పెట్రోలు లేదని. లైటు వెలుగుతుంటే పరీక్ష పాస్ కాదు. కోడ్ చెరిపేసి వెళ్లాను, మానిటర్లు (కారు కంప్యూటర్ తనంతట తను చేసుకునే పరీక్షలు) సిద్ధంగా లేవని తిప్పి పంపారు. ఆ పని ఎవరూ చేయకండి. 2001 నుంచి వచ్చిన కార్లకు ఒక్క మానిటర్ అసంపూర్తిగా ఉంటే ఊరుకుంటారు, రెండు ఉంటే ఊరుకోరు. కోడ్ చెరిపితే అవన్నీ మొదటికి వస్తాయి.

మొదట వెళ్లిన గ్యారేజీవాళ్లు కోడ్ చూసి, పొగగొట్టంలో ముందువైపు ఉండి గాలి–పెట్రోలు పాళ్లు చూసే ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్లు రెండూ మార్చేశారు. 640 డాలర్లు తీసుకున్నారు. నాలుగో రోజున లైటు మళ్లీ వెలిగింది. అడిగితే ఇక పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్లు చూడాలన్నారు. రెండు బ్యాంకులూ ఒకే అంకె చూపిస్తుంటే, రెండు సెన్సర్లు ఒకేసారి ఒకేలా చెడిపోయాయని ఎలా అనుకున్నారు? ఆ ప్రశ్న అప్పటికి నాకు తట్టలేదు. ఆ పని చేసి బతికేవాళ్లకు తట్టాలి.

అసలు దెబ్బ ట్యూనింగ్ షాపులో తగిలింది. ట్యూన్ చేయిస్తే, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు దిద్దిస్తే, అన్నీ సర్దుకుంటాయని నమ్మి వెళ్లాను. కారును డైనో (నిలబెట్టిన చోటే చక్రాలు తిప్పి ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) రోలర్ల మీదకు ఎక్కించి పట్టీలతో కట్టారు. తమ వంతు కోసం వచ్చిన మరో నలుగురు చుట్టూ నిలబడ్డారు. ట్యూనర్ ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజిన్ వేడెక్కాక, "నీ ఆల్ఫా ఎంతో చూశావా?" అని అడిగాడు. తెర మీద 117 కనబడింది. "వంద దాటింది, మంచిదే కదా" అన్నాను. అతను ల్యాప్‌టాప్‌ను మిగతావాళ్ల వైపు తిప్పాడు. ఒకరి తర్వాత ఒకరు నవ్వారు. "నీ ఇంజిన్ 17 శాతం అదనంగా పెట్రోలు పోసుకుని బతుకుతోంది. దీన్ని నేను రోలర్ల మీద పరుగెత్తించను. ముందు కారు బాగుచేయించుకుని రా" అని పట్టీలు విప్పించాడు. పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి, తెర మీద అంకెకు అర్థం తెలియక నలుగురిలో తల దించుకుని వచ్చాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాత తెలిసింది. ట్రిమ్ అంటే పోసే పెట్రోలుకు కంప్యూటర్ చేసే దిద్దుబాటు, నిస్సాన్ దాన్నే ఆల్ఫా అంటుంది. కారు కంప్యూటర్‌ను చదివే సాధారణ ఓబీడీ స్కానర్‌లో దానికి మధ్యబిందువు సున్నా. నిస్సాన్ సొంత పద్ధతిలో వంద. 117 అంటే +17. ఈ ఒక్క ముక్క అతను ఓపికగా చెప్పి ఉంటే సరిపోయేది. పని తెలిసినవాడికి తెలియనివాణ్ణి నలుగురి ముందు చులకన చేసే హక్కు లేదు.

మర్నాడు విజయవాడలో ఉన్న నాన్నకు ఫోన్ చేశాను. ఆయన తన బజాజ్ స్కూటర్ ప్లగ్గు విప్పి రంగు చూసేవారు. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మసిగా ఉంటే ఎక్కువ, ఇటుక రంగులో ఉంటే సరి. "ఆ పనే నీ కారు తనంతట తను చేసుకుంటోంది నాన్నా, అది ఏం చెబుతోందో చదువు" అన్నారు. నిజంగా అంతే. లోపలికి వెళ్లే గాలి ఎంతో మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌లోని వేడి తీగ చల్లబడే తీరును బట్టి కంప్యూటర్ లెక్కగడుతుంది, దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. పొగగొట్టంలోని సెన్సర్ చూసి చాలలేదంటే అప్పటికప్పుడు కలిపేది షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే లోటు రోజూ కనిపిస్తే ఖాతాలో రాసుకునేది లాంగ్ టర్మ్ ట్రిమ్. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ దిద్దుబాటు ఆగిపోతుంది, కంప్యూటర్‌లో ముందే రాసిపెట్టిన పట్టికలోని అంకెలే దిక్కు. గాలి లెక్క తప్పితే అక్కడ పెట్రోలు చాలక ఇంజిన్ నాక్ అవుతుంది, అంటే లోపలి మిశ్రమం అదుపు తప్పి మండి టకటకలాడుతుంది. అందుకే అతను పరుగెత్తించనన్నది సరైన మాటే. నవ్వే సరైనది కాదు.

ఫోనుకు చిన్న ఓబీడీ అడాప్టర్ కొని వారం రోజులు రాసుకున్నాను. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +16. 2500 ఆర్‌పీఎం దగ్గర +17. 75వ నంబరు హైవే మీద నిలకడగా వెళ్తుంటే +17. ఎక్కడో గొట్టం చిల్లుపడి గాలి దూరుతుంటే ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, వేగం పెరిగేకొద్దీ తగ్గాలి. పెట్రోలు పంపు నీరసించి ఉంటే భారం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి. నాది రెండూ కాదు. పెట్రోలు ఒత్తిడి కొలిపించాను, ఉండాల్సిన 51 పీఎస్ఐ ఉంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో కడిగాను. ఒక్క శాతం తగ్గి, రెండు రోజులకు మళ్లీ అక్కడికే వచ్చింది. అన్ని వేగాల్లోనూ ఒకే శాతం తప్పంటే, కొలిచే పాత్రే మారిపోయి ఉండాలి.

అప్పుడు బానెట్ ఎత్తి చూస్తే, మొదటి రోజు నుంచి నేను మురిసిపోతున్న మెరిసే అల్యూమినియం గాలిగొట్టం కనిపించింది. పాత యజమాని పెట్టించినది. పాత కార్ల యార్డు నుంచి కంపెనీ గొట్టం తెచ్చి, సెన్సర్ కూర్చునే చోట రెండింటినీ వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. అల్యూమినియం గొట్టం లోపలి వ్యాసం 8 శాతం ఎక్కువ. 1.08 ఇంటూ 1.08 అంటే 1.166. గాలి పారే వైశాల్యం దాదాపు 17 శాతం పెరిగింది. అదే గాలి వెడల్పాటి గొట్టంలో నెమ్మదిగా పారుతుంటే, తీగ తక్కువ చల్లబడి గాలి తక్కువగా వస్తోందని చెబుతోంది. నోటుబుక్కులో ఆ అంకె పడగానే గ్యారేజీలో ఒక్కణ్ణే గట్టిగా అరిచాను. ఏ మెకానిక్కూ చూడనిది నేను కాలిపర్‌తో పట్టుకున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

కంపెనీ గొట్టం బిగించి, కోడ్ చెరిపి, ఐదు రోజులు నడిపాను. మొదటి బ్యాంకు +2, రెండోది +1. ఐదు శాతం లోపు ఉంటే కంగారు పడనక్కర్లేదు. లాగ్‌లు ప్రింట్ తీసుకుని ఆ ట్యూనర్ దగ్గరికే వెళ్లాను. ఒక్కో కాగితం తిరగేసి, ఏమీ అనకుండా తనే వంగి పట్టీలు కట్టాడు. పూర్తి యాక్సిలరేటర్‌లో గాలి–పెట్రోలు నిష్పత్తి 12.6 దగ్గర నిలబడింది, నాక్ లేదు.

640 డాలర్లలో ఒక్కటీ వెనక్కి రాలేదు. కానీ తీసేసిన పాత సెన్సర్లు రెండూ ఆ రోజే అడిగి తెచ్చుకున్నాను. వచ్చే శనివారం వాటిని తిరిగి బిగించి ట్రిమ్‌లు రాసుకుంటాను. మళ్లీ +2, +1 వస్తే ఆ కాగితం పట్టుకుని సోమవారం పొద్దున్నే వాళ్ల కౌంటర్ ముందు నిలబడతాను.