కరకట్టకీ, రేగడికీ, మంచుకీ ఒకటే టైరు

కంపెనీ టైర్లు ఇంకా సగం కూడా అరగకముందే మార్చేయాలని నాకు అనిపించింది ప్రత్తిపాడు దగ్గర మా చేలో. కిందటేడు ఆగస్టులో ఓ జల్లు పడ్డ సాయంత్రం మా మారుతీ జిమ్నీని డొంకలోకి దించాను. నాలుగు చక్రాలూ లాగే బండి కదా అని ధీమా. ఇరవై గజాలు పోయేసరికి స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగడం మానేసింది. దిగి చూస్తే టైరు మీద గాటన్నదే కనపడలేదు. నల్లరేగడి ప్రతి సందులోనూ కూరుకుపోయి, టైరు అలికిన అరుగులా నున్నగా ఉంది. గోరుతో గీకితే మట్టితోపాటు ఓ పత్తాకు ముక్క ఊడొచ్చింది. అసలు రబ్బరు నేలకి తగిలితేగా, మట్టి మీద మట్టి జారుతోంది. మా బాబాయి ట్రాక్టర్ తెచ్చి లాగాడు. "ఇంత డబ్బు పోసి కొన్నావు, మన ఎడ్లబండే నయం కదరా" అన్నాడు. ఊరంతా అక్కడే ఉంది మరి, వినకేం చేస్తాను.

ఆ జనవరికి హిమాచల్‌లోని మంచులోయ లాహౌల్ వెళ్లాలని అప్పటికే అనుకున్నాం. విజయవాడ నుంచి రోడ్డు మీదే, రెండు వేల కిలోమీటర్లు దాటే దారి. దాంతో టైర్ల వేట మొదలైంది. మొదట్లో నా బుర్రంతా మంచు మీదే. చలిదేశాల్లో వాడే శీతాకాలపు టైర్ల గురించి చదివి, అవే వేయించాలని పట్టుబట్టాను. వాటి రబ్బరు ఏడు డిగ్రీల కింద కూడా గట్టిపడకుండా మెత్తగా ఉంటుంది, అదే వాటి బలం. ఆటోనగర్లో మేం ఎప్పుడూ అలైన్‌మెంట్ చేయించే ఆయన విని నవ్వాడు. "సార్, మే నెలలో మీ బండి ఎక్కడుంటది? బెంజి సర్కిల్లోనేగా? నలభై నాలుగు డిగ్రీల్లో ఆ మెత్త రబ్బరు పెన్సిల్ రబ్బరులాగా అరిగిపోద్ది." ఆలోచిస్తే నిజమే. మంచులో ఉండేది ఐదు రోజులు. మిగతా ఏడాదంతా గుంటూరు హైవే, ఉండవల్లి కరకట్ట, ప్రత్తిపాడు డొంక.

అసలు మనకు మంచు అంటే ఒకటే మాట. లంబసింగిలో పొద్దున్నే కమ్మేసేదీ మంచే, లాహౌల్లో రోడ్డు మీద అడుగెత్తున పడేదీ మంచే. మొదటిదానికి లైట్లు చాలు, రెండోదానికి టైరు కావాలి.

తర్వాత వారం రోజులు రెండో పిచ్చి. బురద కోసమే చేసిన టైర్లు, షాపుల్లో ఎమ్‌టీ అంటారు. గాట్లు వేలు దూరేంత వెడల్పు. చూడ్డానికి బండి పులిలా కనిపిస్తుంది. ఓ మిత్రుడి థార్ జీపుకి అవే ఉంటే అడిగి కరకట్ట మీద నడిపాను. మట్టిలో బ్రహ్మాండం. తారు ఎక్కగానే చెవుల్లో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. వాన పడి తడిసిన సిమెంటు రోడ్డు మీద బ్రేకు వేస్తే నేను అనుకున్నచోట ఆగలేదు. ముందు ఆటోవాడు వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. నేలకి ఆనే రబ్బరు తక్కువ, అందుకే. ఆ పిచ్చి అక్కడితో వదిలింది.

మిగిలింది ఏటీ రకం. అటు తారుకీ ఇటు మట్టికీ మధ్యస్థం. మధ్యస్థమంటే రెండిట్లోనూ కొంత రాజీ. మైలేజీ కాస్త తగ్గుతుంది, చప్పుడు కాస్త పెరుగుతుంది. అందులోనూ పక్కగోడ మీద గుర్తులు చూసుకోవాలి. ఎమ్+ఎస్ అని ఉంటే మట్టికీ మంచుకీ అని అర్థం, కానీ అది గాట్ల తీరు చూసి వేసుకునే ముద్ర, దానికి పరీక్షేమీ అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు బొమ్మ ఉంటే మాత్రం తొక్కి గట్టిపడిన మంచు మీద పరీక్షకు నిలిచినట్టు. అయితే ఆ పరీక్ష చూసేది మంచులో బండిని ఎంత బాగా ముందుకు లాగుతుందన్నదే. నున్నటి ఐసు మీద బ్రేకు పడుతుందా లేదా అన్నది దానికి సంబంధం లేదు. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే లాహౌల్లోని సిస్సూ ఊళ్లో ఆ సాయంత్రం అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

సైజు దగ్గర ఇంకో వారం. జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు. 235/75 వేయిస్తే బండి ఎత్తుగా ఉంటుందని ఒకాయన ఊరించాడు. ఇంట్లో కాగితం మీద లెక్క వేశాను. మొదటిది 693 మిల్లీమీటర్ల ఎత్తు, రెండోది 733 పైచిలుకు. దాదాపు ఆరు శాతం తేడా. మీటరు 80 చూపిస్తుంటే లెక్కప్రకారం బండి 85 దగ్గర పోతుంటుంది. ఒకటిన్నర లీటర్ ఇంజనుకి ఘాట్ రోడ్లో ఆ బరువు అదనం. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ కూడా మార్చాలి, అంటే ఐదు టైర్ల ఖర్చు. అన్నిటికంటే ముఖ్యం, మంచులో పట్టు కోసం టైరు చుట్టూ ఇనుప గొలుసులు కట్టాలంటే టైరుకీ బాడీకీ మధ్య సందుండాలి. పాత సైజే ఖాయం చేశాను.

యోకోహామా జియోలాండర్ ఏటీలో జీ015 రకం ఆ సైజులో దొరికింది, కొండ గుర్తుతో సహా. మొదట వెళ్లిన షాపులో వెంటనే బిగిస్తామన్నారు. టైరు పక్కగోడ మీద డాట్ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూస్తే దాన్ని తయారుచేసి మూడేళ్లయింది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అడిగితే "రబ్బరే కదండీ, పాలు కాదుగా విరగడానికి" అన్నాడు. మాట బాగుంది కానీ టైరు వద్దన్నాను. ఇంకోచోట పది రోజులు ఆగితే అదే ఏడాదివి వచ్చాయి. లోడ్ నంబరు 96, అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది. మా బండికి ధారాళంగా సరిపోతుంది.

గొలుసులు కట్టడం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే నేర్చుకున్నాను. అక్టోబరు ఉక్కపోతలో, బనియన్ మీద. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. వాచ్‌మన్ తాత కుర్చీ వేసుక్కూర్చుని "బండి పారిపోద్దా సారూ, పలుపేస్తున్నారు?" అన్నాడు. ఐదోసారికి పన్నెండు నిమిషాల్లో అయింది. ఆ చెమటే నన్ను కాపాడింది. మనాలీ నుంచి లాహౌల్‌కి వెళ్లే అటల్ టన్నెల్ దాటాక చేతివేళ్లు నావి కావన్నట్టున్నప్పుడు, కళ్లతో చూడకుండానే కొక్కెం ఎక్కడుందో చేతికి తెలిసిపోయింది.

సిస్సూలో పొద్దున గాలి చూస్తే గేజి దాదాపు విజయవాడలో పెట్టించిన అంకే చూపించింది. పాడైందేమో అనుకున్నాను. తర్వాత లెక్క వేస్తే తెలిసింది. చలికి ఐదు పాయింట్లు తగ్గాలి, మూడు వేల మీటర్ల ఎత్తులో బయట గాలి పలచబడటం వల్ల గేజిలో నాలుగున్నర పెరగాలి. రెండూ చెల్లుకు చెల్లు.

పగలు గట్టి మంచు మీద టైర్లు బాగానే పట్టాయి. సాయంత్రం నాలుగు దాటాక కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకట్టి రోడ్డు గాజులా తయారైంది. ఓ పల్లంలో బ్రేకు నొక్కకుండానే బండి పక్కకి జారింది. మా ఆవిడ ఏం మాట్లాడలేదు, హ్యాండిల్ పట్టుకుంది. ఆపి గొలుసులు కట్టి, లో గేరులో నడకంత వేగంతో దిగాం.

మొన్న జూలైలో మళ్లీ అదే డొంక, అదే రేగడి. ఈసారి అరవై గజాలు పోయింది. తర్వాత మామూలే, దిగబడింది. బాబాయి ట్రాక్టర్ మీద నుంచే చూసి "హిమాలయాలెక్కిన బండన్నావుగా" అన్నాడు. తాడు కట్టబోతూ వెనక సంచీ చూసి ఆగాడు. "ఆ గొలుసులేవో ఇక్కడ కట్టి చూద్దాం, దిగు."