చేతికి కట్టే మిషన్‌కి దొరకని బీపీ

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నాకు బీపీ అని చెబితే ఎవరూ కంగారుపడరు. వీధికి పదిమందికి ఉన్న జబ్బే కదా. "ఉప్పు తగ్గించీ, సరిపోద్ది" అంటారు. పక్కింటి పిన్ని అయితే ఒకరోజు తను వేసుకునే మాత్ర సగం తుంచి నా చేతిలో పెట్టబోయింది. నాకున్నది ఆ బీపీ కాదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకి రక్తాన్ని తీసుకెళ్లే నాళాలు గట్టిపడి, ఇరుకై, వాటిలో ఒత్తిడి పెరిగిపోయింది. చేతికి పట్టీ కట్టి చూస్తే నాకు వచ్చేది వంద బై అరవై. పిన్ని మాత్ర వేసుకుని ఉంటే అది ఇంకా కిందకి దిగేది. చీటీ మీద పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అని రాస్తారు. మా ఇంట్లో ఊపిరితిత్తుల బీపీ అంటాం.

బయటపడిన కథ పెద్దగా చెప్పను, ఈ జబ్బున్న ఎవరిని అడిగినా ఇంచుమించు అదే చెబుతారు. మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువన్నారు, ఐరన్ మాత్రలు మింగాను. ఉబ్బసం అన్నారు, పీల్చే మందు పీల్చాను. కుట్టుమిషన్ తొక్కుతూ తొక్కుతూ కళ్లు చీకట్లు కమ్మి పక్కకి ఒరిగిపోయాక మా ఆయన శ్రీకాకుళం తీసుకెళ్లి ఎకో, అంటే గుండె స్కాన్, తీయించారు. అక్కణ్ణుంచి విశాఖపట్నం పంపారు. అక్కడ నరంలోంచి సన్నటి గొట్టం గుండె కుడివైపు దాకా పంపి ఒత్తిడి నేరుగా కొలిచారు. సగటున 20 దాటకూడదట. నాకు 48 ఉంది.

ఎకోలో కనబడింది కదా, మళ్లీ ఈ గొట్టం ఖర్చెందుకని మా ఆయన అడిగేశారు. డాక్టరు గారు విసుక్కోకుండా చెప్పారు. ఇదే ఒత్తిడి గుండె ఎడమవైపు కవాటం పాడైనా పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలున్నా పెరుగుతుంది, పుట్టుకతో గుండెలో రంధ్రమున్నా పెరుగుతుంది. గడ్డలుంటే ఆపరేషన్ దారి వేరే ఉంది. ఎడమవైపు లోపమైతే నాకు రాసిన మందులు మేలు చెయ్యకపోగా కీడు చెయ్యొచ్చు. అందుకని అవేవీ కావని తేల్చుకున్నాకే మందులు మొదలుపెట్టారు.

సిల్డెనాఫిల్ 20 మిల్లీగ్రాములు మూడు పూటలా. కొన్నాళ్లకి దానికి తోడు ఆ నాళాల్నే వదులు చేసే బోసెంటాన్, మొదటి నాలుగు వారాలు 62.5 రెండు పూటలా, తర్వాత 125కి పెంచారు. ఒంట్లో నీరు పోవడానికి టోర్సెమైడ్, స్పైరోనోలాక్టోన్. ఇంతే నా మందులు. మింగడం కష్టం కాదు. కొనడమే మొదటి కష్టమైంది.

సిల్డెనాఫిల్ అంటే వయాగ్రాలో ఉండే మందే. నాకు తెలీదు, మా ఆయనకీ తెలీదు. చీటీ పట్టుకుని మందుల షాపుకెళ్తే అక్కడి కుర్రాడు చదివి, నవ్వాపుకుంటూ, "సార్‌కేనా?" అన్నాడట. "కాదు బాబూ, మా ఆవిడకి" అన్నారట ఈయన. ఇక వాడి నవ్వు ఆగుతుందా? పైగా "20 లేదు సార్, 50 ఉంది, తుంచీసుకోండి" అని బల్ల కింద నుంచి వేరే డబ్బా తీశాడు. మా ఆయన ముఖం కందగడ్డలా చేసుకుని ఉత్త చేతులతో ఇంటికొచ్చారు. కొనకపోవడమే మంచిదైంది. 50 మాత్రని సగం చేస్తే పూటకి 25. తుంచినప్పుడు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, రాసింది తప్ప షాపువాడు చెప్పిన లెక్క వద్దన్నారు.

అసలు సంగతేమిటంటే, ఈ మందుని మొదట గుండెనొప్పి కోసమే తయారు చేశారట. 1998లో వయాగ్రాగా అమెరికాలో అనుమతి వచ్చింది. ఊపిరితిత్తుల నాళాల్ని కూడా వదులు చేస్తుందని తేలాక 2005లో మా జబ్బుకి 20 మిల్లీగ్రాముల మాత్రగా అనుమతించారు. తర్వాతసారి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగి చీటీ మీద మందు పేరు పక్కనే జబ్బు పేరు కూడా రాయించుకున్నాను. ఇప్పుడు విశాఖలో గుండె మందులు అమ్మే షాపుకి చీటీ ఫోటో పంపితే, గుణుపురం పాసింజరులో వచ్చే తెలిసినవాళ్ల చేతికి ఇచ్చి పంపుతారు. పర్లాకిమిడిలో నవ్వే వాళ్లకి నా డబ్బులు ఎందుకివ్వాలి?

మందులు మొదలైన కొత్తలో తలనొప్పి, ముఖమంతా వేడి, ముక్కు బిగదీయడం. ఇవి వస్తాయని ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాను. పారాసెటమాల్ వేసుకోవచ్చన్నారు. కొద్ది వారాల్లో చాలావరకు సర్దుకుంది. ఉన్నట్టుండి చూపు తగ్గినా, చెవి వినబడకపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా రమ్మన్నారు. మంచం మీద నుంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవడం అలవాటైంది. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, తర్వాతి పూట దగ్గరపడితే వదిలెయ్యాలి, రెండూ కలిపి మింగకూడదు. కార్తీక సోమవారాలు నేను ఉపవాసముంటాను. మాత్రకి తిండి అక్కర్లేదు, నీళ్లు చాలు. ఆ నీళ్లు కూడా తాగకుండా ఉండే నిష్ఠ మాత్రం మానేశాను. నీరు పోయే మాత్ర వేసుకుని గొంతు తడుపుకోకపోతే కళ్లు తిరగవా మరి?

బోసెంటాన్ దగ్గర విషయం వేరు. మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష, ఆ తర్వాత నెలనెలా. కడుపులో బిడ్డ ఉండగా ఈ మందు వేసుకుంటే బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు. మందు సంగతి అలా ఉంచి, ఈ జబ్బుతో కానుపు అంటే తల్లి ప్రాణానికే గండం. మాకు ఒక్కతే అమ్మాయి, తొమ్మిదో తరగతి. మగపిల్లాడు కావాలని మా అత్తగారి ఆశ, అది ఆవిడ తప్పని నేననను. మా వీధి ఆశా దీదీ గర్భం రాకుండా మాత్రలు తెచ్చిచ్చింది. అవి కూడా డాక్టరు గారికి చూపించాను. బోసెంటాన్ వాటి బలాన్ని తగ్గించేస్తుందట, వాటిని మాత్రమే నమ్ముకుంటే లాభం లేదన్నారు. నాకు ఆపరేషన్ చెయ్యాలంటే మత్తు ఇవ్వడం ప్రమాదం. చివరికి మా ఆయనే మగవాళ్ల ఆపరేషన్ చేయించుకున్నారు. "ఏట్రా, నువ్వు చేయించుకోడమేటి! రేపు బరువులెత్తగలవా?" అని అత్తగారు ఇంట్లో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆయన ఎప్పట్లాగే బస్తాలు మోస్తున్నారు. ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే భయం లేదనుకునేవాళ్లున్నారు, అది కాదు. మూడు నెలలయ్యాక వీర్యపరీక్ష చేసి, సరే అన్నాకే నమ్మాలి. అప్పటిదాకా నిరోధ్ తప్పదు.

నా మందుల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి పక్కవాళ్లు ప్రేమతో ఇచ్చే మందులు. మా వైపు జ్వరమొస్తే మాత్రల పట్టీ ముక్కలుగా కత్తిరించి కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. పేరుండదు, ఏదేంటో ఇచ్చినాయనకే తెలియాలి. జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ లాంటిది ఉంటే అది నాళాల్ని బిగిస్తుంది. ఒళ్లు నొప్పులకి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఒంట్లో నీరు నిలబెడుతుంది. పేరు కనబడని మాత్ర నేను వేసుకోను, పట్టీ మొత్తం చూపిస్తేనే తీసుకుంటాను. "పెద్ద సదువుకున్నట్టు అడుగుతాదండీ ఈయమ్మ" అని ఒకాయన నా ముందే అన్నాడు. అననివ్వండి.

పేరున్న డాక్టరు రాసినా అడగాల్సిందే. మొన్న వర్షాకాలం నడుం దగ్గర తామర లేచింది. చర్మం డాక్టరు ఇట్రాకొనజోల్ రాశారు, అందరికీ రాసేదే. ఆయనకి నా మందుల చీటీ చూపించాను. చూసి ఒక్క క్షణం ఆగి, గీత కొట్టేసి పూత మందు రాశారు. ఆ మాత్ర సిల్డెనాఫిల్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదట, మోతాదు పేరుకుపోతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దగ్గరా అదే గొడవ. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా ఎదురు, నా మందుల్ని పనిచెయ్యనివ్వకుండా చేస్తుంది. పండ్లలో గ్రేప్‌ఫ్రూట్ వద్దని అంతటా చెబుతారు. అది మా ఊళ్లో ఎవరు చూశారు గనక! దాని చుట్టమైన పంపరపనస మా పెరట్లోనే ఉంది. కాయలన్నీ ఇప్పుడు అత్తగారికీ పిల్లకీ.

ఈ గొడవంతా ఎవరికి ఎన్నిసార్లు చెప్పగలను? అందుకని ఒక కార్డు తయారు చేశాం. ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు, కింద ఇంగ్లీషు. మా అమ్మాయి ఒడియా మీడియం, దాని చేతిరాత గుండ్రంగా ఉంటుంది. జబ్బు పేరు, మందుల పేర్లు, పూటలు, విశాఖ డాక్టరు గారి నంబరు. అన్నిటికంటే పైన ఎర్ర సిరాతో ఒకటే మాట: "నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర, నైట్రేట్ ఏదీ ఇవ్వకండి." సిల్డెనాఫిల్ మీద నైట్రేట్, అంటే ఆ నాలుక కింద మాత్ర రకం మందు, పడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటలలోపు నైట్రేట్ ఇవ్వకూడదు. దాని అన్నలాంటి టడాలాఫిల్ వేసుకునేవాళ్లకి 48 గంటలు. నేను మూడు పూటలా వేసుకునేదాన్ని, నాకు ఏ గంటా ఖాళీ లేనట్టే.

ఆ కార్డు పనికొచ్చిన రోజు ఒకటుంది. ఒక పెళ్లి భోజనం చేసి వచ్చిన రాత్రి గుండెల మీద మంట, బరువు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్లాం. గుండెల్లో బరువు అనగానే నర్సమ్మ చిన్న మాత్ర తీసి "నోరు తెరవమ్మా, నాలిక కింద పెట్టుకో" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, గుండెనొప్పితో వచ్చినవాళ్లకి అలవాటుగా చేసేదే. మా ఆయన కార్డు చూపించారు. ఆవిడ ఒడియా వైపు చదివి, మాత్ర చేతిలోనే పట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచింది. డాక్టరు వచ్చి ఈసీజీ తీశారు, ఆక్సిజన్ చూశారు, ఎసిడిటీకి మందిచ్చి తెల్లారేదాకా ఉంచారు. పొద్దున్న ఆ డాక్టరే కార్డుని ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు.

మందు నిల్వ గురించి మాత్రం మా ఆయన నాకంటే గట్టిగా ఉంటారు. ఈ మాత్రలు ఉన్నపళంగా ఆపితే ఒత్తిడి మళ్లీ పెరిగి కుడివైపు గుండె మీద పడుతుంది. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నాకీ జబ్బు తెలీదు గానీ, మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి రోడ్లు తెగిపోవడం కళ్లారా చూశాం. 2020 లాక్‌డౌన్‌లో మహేంద్రతనయ నదికి అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం కూడా పరాయి దేశమైంది. అందుకని ఇంట్లో ఎప్పుడూ రెండు వారాల మందు అదనంగా ఉంటుంది, వానాకాలం రాకముందు నెలకి సరిపడా. ఇంకో చిక్కు కార్డులది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్రా వాళ్లకి, మాది ఒడిశా రేషను. మా హెల్త్ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడు ఆదుకుంది. నెలనెలా మాత్రలు మాత్రం చేతి డబ్బే. ఒకే మందు కంపెనీని బట్టి ధర చాలా మారుతుంది, డాక్టరు గారిని అడిగి తక్కువ ధరది ఎంచుకున్నాం. ఒకసారి ఎంచుకున్నాక మార్చడం లేదు.

రోజూ పొద్దున్న, టిఫిన్‌కి ముందు, బరువు చూసుకుంటాను. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్లు నొక్కితే గుంట పడుతుంది. అప్పుడు నీరు పోయే మాత్ర నా అంతట నేను పెంచను, ఫోన్ చేస్తాను. నీరసంగా ఉందంటే చాలు మా వాళ్లు కొబ్బరిబొండం కొట్టి తెస్తారు. బొండం నీళ్లలో పొటాషియం ఉంటుంది. టోర్సెమైడ్ పొటాషియంని తగ్గిస్తుంది, స్పైరోనోలాక్టోన్ పెంచుతుంది. నా పొటాషియం ఎటువైపుందో రక్తపరీక్ష చెప్పాలి గానీ బొండం తెచ్చిన మరిదికి ఎలా తెలుస్తుంది? శివరాత్రికి మహేంద్రగిరి కూడా మానుకున్నాను. ఆ కొండ ఎత్తు 1501 మీటర్లు. 1500 దాటితే ఆక్సిజన్ లేకుండా వెళ్లొద్దన్నారు. ఆ ఒక్క మీటరు వదిలెయ్యరా అని మా ఆయన అడిగితే డాక్టరు గారు కూడా నవ్వేశారు.

ఇక లివర్ పరీక్ష. బోసెంటాన్ వాడినన్నాళ్లూ నెలకోసారి చేయించాలి, మొదట్లో రక్తం శాతం కూడా చూస్తూ ఉండాలి. ఒంట్లో ఏమీ తెలియట్లేదు కదా, ఈ నెలకి వదిలేద్దామా అని చాలామందికి అనిపిస్తుంది. నాకు 125 మొదలైన కొన్ని నెలలకి ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె, 138 వచ్చింది. మా ల్యాబ్ లెక్కలో 40 దాకా మామూలు, మూడు రెట్లు దాటితే ఊరుకోకూడదు. వాంతులు లేవు, కళ్లు పచ్చబడలేదు, ఆకలి బాగానే ఉంది. పరీక్ష చేయించకపోతే తెలిసేదే కాదు. మళ్లీ ఒకసారి రక్తం తీసి నిజమేనని తేల్చుకుని, మోతాదు 62.5కి తగ్గించి, రెండు వారాలకోసారి పరీక్ష రాశారు. అంకె నెమ్మదిగా కిందకి దిగింది. ఇప్పుడు మామూలు హద్దులోనే ఉంది, మళ్లీ నెలకోసారికి మార్చారు. 125కి తిరిగి వెళ్లాలా, లేక బోసెంటాన్ బదులు అదే రకం మందు మాసిటెంటాన్‌కి మారాలా అన్నది వచ్చే ఎకో చూశాక చెబుతామన్నారు.