ప్రశ్నకీ జవాబుకీ మధ్య

అమెరికాలో లేఆఫ్ కబురు చాలాసార్లు ఈమెయిల్‌లోనే వస్తుంది. పొద్దున్నే లాగిన్ అవబోతే ల్యాప్‌టాప్ ఒప్పుకోదు, సొంత మెయిల్‌లో మాత్రం హెచ్ఆర్ ఉత్తరం ఉంటుంది. హెచ్1బీ అనే వర్క్ వీసా మీద ఉన్నవాడు అందులో ముందు వెతికేది ఉద్యోగపు ఆఖరి తేదీ. అక్కణ్ణుంచి గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకుముందే ముగిసేట్టయితే అన్ని రోజులూ ఉండవు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే మనం స్టేటస్ మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవాలి, అదీ కాకపోతే సామాను సర్దుకోవాలి.

ఇలాంటి ఇంటికి మా ప్రేయర్ గ్రూపువాళ్ళు ఫోన్ చేస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "బ్రదర్, మీరు ప్రార్థనలో ఉండండి, దేవుడే ద్వారం తెరుస్తాడు" అని ఒకరు. "ప్రార్థన సాయంత్రం చేసుకోవచ్చు, ముందు రెజ్యూమె పంపండి" అని ఇంకొకరు. ఈ రెండోవారిని అల్పవిశ్వాసి కింద జమకట్టేస్తాం. అసలు ఈ రెంటికీ పోటీ పెట్టడమే నాకు మింగుడుపడదు. బైబిల్లో నెహెమ్యాను చదివినకొద్దీ ఇంకా పడదు.

యూదుడైన ఆయనా పరాయి దేశంలో ఉద్యోగే. షూషను కోటలో పర్షియా రాజు అర్తహషస్తకు ద్రాక్షారసపు గిన్నె అందించే కొలువు. యెరూషలేము గోడ పడిపోయిందని, గుమ్మాలు కాలిపోయాయని సోదరుల్లో ఒకడైన హనానీ వచ్చి చెప్పింది యూదుల కిస్లేవు నెలలో. నెహెమ్యా ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. రాజు ముందు నోరు విప్పింది మాత్రం నీసాను నెలలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. దేవుని కోసం కనిపెట్టుకుని ఉండడం గురించి చేసే ప్రసంగాల్లో ఈ నాలుగు నెలలు తప్పకుండా వస్తాయి. నన్ను పట్టుకునేది ఆ తర్వాతి ఘట్టం.

ఏం కావాలని రాజు అడిగాడు. నెహెమ్యా ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసి, యెరూషలేమును తిరిగి కట్టడానికి తనను పంపమని రాజుకు జవాబిచ్చాడు. రాజు ఎదురుగా నిలబెట్టి అడుగుతుంటే ఎంతసేపు ప్రార్థిస్తాం? మోకాళ్ళూనే వీలు లేదు, కళ్ళు మూసుకునే వీలు కూడా ఉండదేమో. మహా అయితే మనసులో ఒక్క మాట. ఆ వెంటనే ఆయన అడిగినవి చూడండి. ఎప్పటికి తిరిగొస్తాడో గడువు చెప్పాడు. యూఫ్రటీసు నది అవతలి అధికారులకు ఉత్తరాలు అడిగాడు. దూలాలకు మాను ఇమ్మని, రాజుగారి అడవి కాసే ఆసాపుకు మరో ఉత్తరం. అడవి ఎవరి అధీనంలో ఉందో పేరుతో సహా తెలుసు! ఆ నెలలన్నీ ప్రార్థన ఒక పక్క, పని లెక్క ఒక పక్క కలిసే సాగాయని నేను అనుకుంటాను.

మనకున్నది 60 రోజులే కాబట్టి ఉపవాసానికి టైమ్ లేదంటారు కొందరు. నిజానికి మొదటి రెండు రోజుల్లోనే దాని అవసరం ఎక్కువ. భయం సంతకాలు పెట్టించేది అప్పుడే. కంపెనీ ఇచ్చే సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే డబ్బు) కాగితం మీద సంతకం చేస్తే చాలావరకు దావా వేసే హక్కులు వదులుకున్నట్టే. 40 ఏళ్ళు నిండినవాళ్ళను గుంపుగా తీసేసినప్పుడు, వయసు వివక్ష హక్కుల్ని వదులుకోమని అడిగితే, ఆ కాగితం చదువుకోవడానికి చట్టమే 45 రోజులిచ్చింది. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఇక లేని ప్రాజెక్టు చూపించి, పేరోల్ నడిపిస్తామనే (అంటే కాగితం మీద ఉద్యోగం, జీతం చూపిస్తామనే) కన్సల్టెన్సీలు సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్ చేస్తాయి. ప్రార్థించి లేచిన మనిషి ఆ ఫోన్‌కు "వద్దండీ" అనగలిగితే, నా దృష్టిలో సగం జవాబు వచ్చినట్టే.

"అన్నా, బీ2 విజిటర్ స్టేటస్‌కి అప్లై చేస్తే విశ్వాసం తగ్గినట్టా?" అని మా గ్రూపులో ఒక చెల్లి అడిగింది. నెహెమ్యాకు ముందే యెరూషలేముకు బయలుదేరిన యాజకుడు ఎజ్రా సంగతి చెప్పాను. దారిలో కాపలాకు సైన్యాన్ని అడగడానికి సిగ్గుపడి, అహవా నది దగ్గర ఉపవాసం ప్రకటించి బయలుదేరాడాయన. నెహెమ్యాకేమో రాజు గుర్రపురౌతుల్ని తోడిచ్చి పంపాడు. ఇద్దరూ యెరూషలేము చేరారు. తర్వాత శత్రువులు గోడ మీదికి వస్తామంటే నెహెమ్యా ప్రార్థించి, రాత్రింబగళ్ళు కావలి కూడా పెట్టాడు. (గోడ 52 రోజుల్లో పూర్తయింది కాబట్టి మన 60 రోజుల్లోనూ పనైపోతుందని లెక్కలు కట్టేవాళ్ళున్నారు. నన్ను ఆ లెక్కల్లోకి లాగొద్దు.)

అందుకే ఇప్పుడు మా బుధవారం కాల్‌లో ప్రార్థన అవగానే ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) గురించి కూడా అడుగుతున్నాం. అది ఆమోదం పొంది 180 రోజులు దాటితే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఆ ఆమోదం రద్దు కాదు. ఈ సంగతి తెలియక నిద్ర మానేసినవాళ్ళున్నారు.

ఒక్కటి మాత్రం మా దగ్గర ఇంకా సరికాలేదు. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచేది ఉద్యోగం దొరికినవాళ్ళే. మొన్నామధ్య ఒక కుటుంబం వారాల తరబడి ప్రార్థించి, గడువు ఉండగానే ఇండియా వెళ్ళిపోయింది. వెళ్ళమనే దేవుడు చెప్పాడని వాళ్ళ నమ్మకం. వాళ్ళను ఎవరూ ముందుకు పిలవలేదు. ఈ మాటే పాస్టర్ గారితో అన్నాను. కాసేపు ఆలోచించి, వచ్చే నెల వాళ్ళను జూమ్‌లో మాట్లాడమందామన్నారు.